ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్ల జీతం వాళ్ల ఖాతాలోనే పడాలి

సంపాదకులకు నమస్కారం.

గల్ఫ్‌కు వెళ్లే ఆడవాళ్ల గురించి పేపర్లో వార్త వచ్చిందంటే అది చాలావరకు ఏజెంటు మోసమో, ఎంబసీ సాయంతో ఎవరో తిరిగొచ్చిన సంగతో అయ్యుంటుంది. నెలనెలా జీతం చేతికెలా వస్తుంది, ఎవరి పేరున ఇంటికి చేరుతుంది అన్నది ఎవరూ రాయడం లేదు. ఉదయగిరి, వింజమూరు మెట్టలో ఆడమనిషి కువైట్‌కు పోయి అప్పు తీర్చిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. నేనూ కువైట్‌లో ఖద్దామా వీసా (ఇంటిపని వీసా) మీద రెండిళ్లలో పనిచేసి వచ్చాను.

మొదటి ఇంట్లో జీతం నోట్లుగా ఇచ్చేవాళ్లు. నెల దాటాక అడిగితే ‘బుక్రా, బుక్రా’ అనేవాళ్లు. బుక్రా అంటే రేపు. ఇచ్చినా ఇవ్వకపోయినా అప్పుడప్పుడు అరబ్బీ కాగితం ముందుపెట్టి సంతకం పెట్టమనేవాళ్లు. పెట్టనంటే ఆ ఇంట్లో ఉండేదెలా? చివరికి లేబర్ ఆఫీసు దాకా పోతే, జీతం మొత్తం అందినట్టు నేను సంతకాలు చేసిన ఆ కాగితాలే తెచ్చి చూపించారు. అందలేదని చెప్పడానికి నా దగ్గర నోటిమాట తప్ప ఏమీ లేదు. ఆ నెలల డబ్బు పోయినట్టే.

అక్కడ చట్టం లేక కాదు. ఇంటి పనివాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. జీతం ఆలస్యమైతే నెలకు 10 దినార్ల చొప్పున కలిపివ్వాలని అందులో ఉంది. ఆ మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లని కూడా ఖరారు చేశారు. అయితే ఆలస్యమైందని రుజువు చేయాలి కదా! కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఆ ఇబ్బంది తక్కువ. 2010 నాటి కార్మిక చట్టం వాళ్ల జీతాన్ని బ్యాంకులో వేయమంటోంది. ఆ చట్టం ఇళ్లలో పనిచేసేవాళ్లకు వర్తించదు.

పోనీ మనమే పోయి ఖాతా తెరుద్దామా అంటే, పరాయి దేశంలో అది అంత తేలిక కాదు. అకామా (అక్కడ ఉండటానికి అనుమతి) కొట్టించి, బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) చేతికొచ్చేదాకా మన పేరున ఏదీ కాదు. అవన్నీ చేయించాల్సింది యజమానే. నేను అడిగిన బ్యాంకులో యజమాని రాసిచ్చిన జీతం సర్టిఫికెట్ కావాలన్నారు. ఇంత తక్కువ జీతానికైతే ఖాతా ఇవ్వబోమని కూడా అన్నారు.

రెండో ఇంటి మామా, అంటే యజమానురాలు, టీచరు. ఆమే కాగితం రాసి, సంతకం పెట్టి, ఫర్వానియాలో ఒక బ్యాంకుకు నన్ను కారులో తీసుకుపోయి ఖాతా తెరిపించింది. జీతం పడగానే ఫోన్‌కు మెసేజ్ వచ్చేది. కార్డు నా దగ్గరే ఉండేది. అక్కడి నుంచి వచ్చేసేటప్పుడు పనిచేసిన కాలానికి రావాల్సిన సర్వీసు డబ్బు కూడా అందులోనే వేసింది. ఎవరినీ బతిమాలే పని లేదు, ఎవరితో గొడవా లేదు. కానీ ఇది ఒక మంచి మనిషి దయ మీద ఆధారపడే విషయం కాకూడదు. సౌదీలో 2024 జూలై నుంచి కొత్తగా వచ్చే ఇంటి పనివాళ్లకు జీతం చేతికివ్వకుండా ఆన్‌లైన్‌లో వేయాలని పెట్టారు. 2021 జూన్‌లో మన ప్రభుత్వం కువైట్‌తో ఇంటి పనివాళ్ల గురించి ఒప్పందం చేసుకుంది. దాన్ని పట్టుకుని, పనిమనిషి వెళ్లిన మొదటి నెలల్లోనే యజమాని ఖాతా తెరిపించాలని గట్టిగా అడగాలి. విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల కోసం మన ప్రభుత్వం పెట్టిన ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో వచ్చే కాంట్రాక్టులో ఆ మాట రాయించాలి.

ఇక మన ఊళ్లో జరిగేది చూడండి. శుక్రవారం కువైట్ సిటీలోని మాలియాలో, డబ్బు పంపే ఎక్స్ఛేంజి ముందు నిలబడి పంపిన డబ్బు భర్త ఖాతాలోనో, అన్న ఖాతాలోనో పడుతుంది. తిరిగొచ్చేసరికి తన పేరున ఏమీ లేని ఆడవాళ్లు నాకు తెలుసు. విదేశంలో ఉన్నవాళ్లు అక్కడి సంపాదన ఇక్కడి బ్యాంకులో తమ పేరున దాచుకోవడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా ఉంటుందని, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదని, దగ్గరి బంధువును రెండో పేరుగా పెట్టుకోవచ్చని మా పల్లెల్లో ఎంతమందికి తెలుసు? ఇంటి ఖర్చులకు డబ్బు తీసే అధికారం ఆ బంధువుకు రాసిస్తే చాలు. పైగా విదేశంలో ఉద్యోగానికి వెళ్లాక ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (విదేశంలో ఉన్నవాళ్లు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే ఖాతాగా) మార్చుకోవాలన్నది విదేశీ మారక చట్టం ఫెమా నిబంధన. అదీ ఎవరూ చెప్పరు. చిన్న బ్రాంచిలో అడిగితే నెల్లూరు పొమ్మంటారు.

నెల్లూరు జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు అధికారులు ఉదయగిరిలో, వింజమూరులో, ఆత్మకూరులో క్యాంపులు పెట్టాలి. సెలవు మీద వచ్చినవాళ్లకు పాస్‌పోర్టు, అకామా చూసి అక్కడికక్కడే ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిచివ్వాలి. కొత్తగా వెళ్లబోయేవాళ్లకు ఏ కాగితాలు కావాలో తెలుగులో రాసి చేతికివ్వాలి. వేసవి సెలవుల్లో చాలామంది ఊళ్లకు వస్తారు. అప్పటికల్లా మొదలుపెడితే ఈ ఏడాదే ఎంతోమందికి పనికొస్తుంది.

ఇట్లు,
కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒక పాఠకురాలు,
వింజమూరు మండలం, నెల్లూరు జిల్లా