జనవరిలో మొక్క పెడతావా?

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది, చాదస్తం తగ్గలేదు. నీ వీడియో కాల్ వచ్చి మూడు ఆదివారాలు అయింది. పని ఒత్తిడి ఉంటుంది, తెలుసు, అందుకే నేనేమీ అడగను. "బిజీ అమ్మా, తర్వాత చేస్తా" అన్న మెసేజ్ చూశాను. ఆ తర్వాత ఎప్పుడొస్తుందా అని ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చునే బదులు నాలుగు ముక్కలు రాద్దామనిపించింది. చిన్నోడు ఫొటో తీసి పంపుతానన్నాడు. చదవకుండా పంపరా అన్నాను. చదువుతాడు, వాడి సంగతి నీకు తెలుసుగా.

రాసేది చెట్టు గురించే. కంచె పక్కన పీచ్ చెట్టు తీసేశామని దసరాకు చెప్పావు కదా, ఆ చోటు ఖాళీగా ఉంచకు. పక్కింటావిడ పెరట్లో కాసే ఆ నారింజ రంగు పండు, పర్సిమన్, అది పెట్టు.

పీచ్‌తో నువ్వు పడిన పాట్లు కళ్ళారా చూశాను. మార్చిలో చిగురు వచ్చీ రాగానే ఆకులు ఎర్రగా బొబ్బలెక్కి ముడుచుకుపోయాయి, అచ్చం మిరపకు బొబ్బర తెగులు వచ్చినట్టు. నువ్వు అప్పుడు పరిగెత్తుకెళ్ళి రాగి మందు తెచ్చావు. ఆ మందు ఆకు రాలి చెట్టు మోడుగా ఉన్నప్పుడే కొట్టాలట, ముడత కనబడ్డాక కొడితే దండగట. పైగా ప్రతి చలికాలం కొమ్మలు బాగా కత్తిరించాలి, పిందెలు పడ్డాక మళ్ళీ గిల్లేసి ఆరంగుళాలకు ఒకటి ఉంచాలి. పొద్దున ఏడింటికే మీటింగులో కూర్చునేదానివి, పిందెలెప్పుడు గిల్లుతావు? నిమ్మచెట్టుకేమో జనవరి రాత్రుళ్ళు దుప్పట్లు కప్పడం. నా పోచంపల్లి దుప్పటి దానికే పోయింది. మామిడి మాట ఎత్తను. మీ కాలిఫోర్నియా రోజ్‌విల్ చలికి మామిడి అంటు బతుకుతుందని అల్లుడుగారికి ఎవరు చెప్పారో!

పర్సిమన్‌కు ఇంత సేవ అక్కర్లేదు. చలికాలం ఆకు రాల్చేసి తన మానాన తను నిద్రపోతుంది, మీ దగ్గర పడే మంచు దానికో లెక్క కాదు. ఒక్క చెట్టే ఉన్నా కాస్తుంది, జతకు ఇంకోటి అక్కర్లేదు. నేనున్న ఆరు నెలల్లో పక్కింటి పెద్దావిడ మందు డబ్బా పట్టుకోగా చూడలేదు. కాయలు కోయడానికి తప్ప ఆ చెట్టు దగ్గరకు పోయిందీ లేదు. నవంబరులో ఆకంతా రాలిపోయి ఉత్త కొమ్మలకు ఆ నారింజ రంగు కాయలు మాత్రం మిగిలితే, సాయంత్రం వంటింటి కిటికీలోంచి ఆకాశదీపాలు కట్టినట్టు ఉండేది.

ఆకాశదీపం అంటే గుర్తొచ్చింది. మొన్న కార్తీక పౌర్ణమికి గుళ్ళో హనుమకొండ అత్త కలిసింది. మూడొందల అరవై అయిదు వత్తులు వెలిగిస్తూ, "మీ పిల్లలు ఇల్లు అమ్మకానికి పెట్టారట కదా వదినా, టెక్సాస్ పోతున్నారట కదా" అంది. వాళ్ళ కోడలి స్నేహితురాలు మీ వైపే ఉంటుందట. అదేం లేదు అన్నాను. నాకు తెలిసి చెప్పానా, తెలియక చెప్పానా అని నా మొహంలోకి చూసింది. ఆవిడ మాటలు నమ్మనులే. సుజ్జి పెళ్ళప్పుడు ఏమేం పుట్టించిందో మర్చిపోతానా. ఊరికే నీ చెవిన వేశాను.

నీకు ఆ పచ్చడి గుర్తుందా? మేం వచ్చిన మూడో వారం. కార్తీక సోమవారం, మీ నాన్నా నేనూ ఒకపొద్దు. నువ్వు ఆఫీసుకు వెళ్ళావు. పక్కింటావిడ తలుపు కొట్టి, కాగితం సంచీ ఒకటి చేతిలో పెట్టి, నవ్వి ఏదో చెప్పింది. నాకు అర్థమైంది థాంక్యూ చెప్పాల్సిన చోటు ఒక్కటే. చూస్తే టమాటాలు. కొన్ని బల్లపరుపుగా ఉన్నాయి, కొన్ని కోలగా, కింద మొన తేలి ఉన్నాయి. అమెరికా టమాటాలు ఇట్లాగే ఉంటాయి కాబోలు అనుకున్నా. కోలవి బాగా ఎర్రబడ్డట్టు కనబడితే అవే తీసుకున్నా. కత్తి పెడితే రసం కారలేదు. అప్పుడైనా అనుమానం రావాలి కదా! రాలేదు. మూకుట్లో నూనె వేసి, పచ్చిమిర్చితో మగ్గబెట్టి, చింతపండు కొంచెం వేసి, మిక్సీ తిప్పి, ఇంగువ పోపు పెట్టాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. ఒకపొద్దు కదా, రుచి చూడలేదు.

మధ్యాహ్నం అల్లుడుగారు మేడ మీది గదిలోంచి దిగి వచ్చి అన్నానికి కూర్చున్నారు. మొదటి ముద్ద పెట్టుకుని ఒక్క క్షణం ఆగారు. ఎలా ఉంది బాబూ అన్నా. "బావుంది అత్తయ్యా" అన్నారు. రెండో ముద్ద తిన్నారు. మూడోది తిన్నారు. మధ్యలో మూడు గ్లాసుల నీళ్ళు తాగారు. ఇంకాస్త వెయ్యనా అంటే వెయ్యమన్నారు! సాయంత్రం నువ్వొచ్చి వేలితో ఇంత నాకి, "ఏం చేశావే అమ్మా, నాలుకకు బెరడు అతికించినట్టుంది" అని సింకు దగ్గరకు పరిగెత్తావు. ఉడికించినా ఆ వగరు పోలేదు.

ఆ రోజు పడీ పడీ నవ్వుకున్నాం. ఇప్పుడు మాత్రం రాత్రుళ్ళు అదే గుర్తొస్తోంది. ఆ పిల్లవాడు నోరంతా పిడచగట్టుకుపోతున్నా బావుందనే అంటాడు. నువ్వూ ఈమధ్య "అంతా బావుంది అమ్మా" అని పెడుతున్నావు. నీకు ఆ అలవాటు లేదే! పప్పులో ఉప్పు తక్కువైతే కంచం ముందు నుంచి లేచిపోయేదానివి.

సరే, చెట్టు సంగతి. నేను టమాటాలనుకున్నవి పర్సిమన్లేగా, వాటిలో బల్లపరుపువి ఫుయూ రకం. గట్టిగా ఉండగానే ఆపిల్‌లా కోసుకు తినొచ్చు. కోలవి హచియా. అవి పండి, లోపలంతా గుజ్జు జావలా అయి, పట్టుకుంటే జారిపోతుందేమో అనిపించేదాకా ఆగాలి. ఆగే ఓపిక మీ ఇంట్లో ఎవరికుంది? ఫుయూనే తీసుకో. అట్లాగని ఏ రకమైనా పచ్చి కాయలు పరగడుపున తినకు. ఆ వగరు కడుపులో ముద్ద కడుతుందట. పొద్దున కాఫీ ఒక్కటి తాగి మధ్యాహ్నం దాకా గడిపే అలవాటు మానావా?

ఆ వగరు నాకు కొత్తదేం కాదు. రాత్రి ఉపవాసం విడిచాక ఒక ముక్క నోట్లో వేసుకుంటే ఒక్కసారిగా ఇల్లందు అడవిలో ఉన్నట్టయింది. తొడిమ దగ్గర నాలుగు రేకులు చూశావా, తునికి కాయకూ అట్లాగే పీట ఉంటుంది. తాతయ్య తునికాకు కల్లంలో యాభై ఆకుల కట్టలు లెక్కబెట్టే ఎండాకాలాల్లో, పచ్చి తునికి కాయ కొరికి నాలుక మొద్దుబారి ఏడ్చేవాళ్ళం. చిన్నోడు ఫోన్లో వెతికి చెప్పాడు, రెండింటి ఇంటిపేరూ డయోస్పైరస్సేనట. చూడు, బీడీల ఆకు చెట్టుకు అమెరికాలో చుట్టం!

పక్కింటావిడకు మాత్రం హచియా అంటేనే ప్రాణం. తొక్క తీసి, తొడిమకు దారం కట్టి, కర్రకు వేలాడదీసేది, మనం మామిడి ఒరుగులు పెట్టుకున్నట్టే. హోషిగాకి అంటారని, మీ ప్లేసర్ కౌంటీలో జపాన్ నుంచి వచ్చిన కుటుంబాలే దీన్ని నిలబెట్టాయని నువ్వే చెప్పావు. పైన కొంచెం ఆరి తోలు కట్టాక, రెండు మూడు రోజులకోసారి ఒక్కో పండునూ వేళ్ళతో మెల్లగా ఒత్తాలి. ఆ పని నాకు అప్పజెప్పింది. బొటనవేలి కింద పైపొర తోలులా ఉండి, లోపల గుజ్జు అటూ ఇటూ కదిలేది. నేను గట్టిగా నొక్కితే ఆవిడ నా బుగ్గ పట్టుకుని ఇంత మెల్లగా అని చూపించింది. నెల దాటాక లోపలి చక్కెరే పైకొచ్చి తెల్లగా పట్టింది. మాటలు రాని ఇద్దరం ఆ కిటికీ దగ్గర ఎన్ని మధ్యాహ్నాలు గడిపామో. ఆవిడ బాగుందా? నువ్వు పలకరిస్తున్నావా?

మొక్క జనవరి, ఫిబ్రవరిలో నర్సరీలకు వస్తుంది, మట్టి లేకుండా ఉత్త వేళ్ళతో. ఆ వేళ్ళు నల్లగా ఉంటాయి, చచ్చిపోయిందని పారేసేవు. బొగ్గు గనుల కొత్తగూడెంలో పుట్టి నలుపు చూసి భయపడతావా! అంటు కట్టిన చోటు మట్టి పైనే ఉండాలి. కాండానికి తెల్ల నీళ్ళ పెయింటు పల్చగా కలిపి పూయి, మీ జూలై ఎండకు బెరడు కాలుతుంది. వసంతంలో కాస్త ఆలస్యంగా చిగురిస్తుంది, గోటితో గీకి చూడకు. మొదటి రెండేళ్ళు వారానికోసారి లోతుగా నీళ్ళు పెట్టు. ఎరువు కుమ్మరించకు, పిందె రాలిపోతుంది. చిన్న చెట్టుకు మే, జూన్‌లో ఎట్లాగూ కొన్ని రాలతాయి, దానికి టెన్షన్ పడి నాకు అర్ధరాత్రి ఫోన్ చేయకు. చేసినా ఫరవాలేదు. చెయ్యి.

అంటు మొక్క కాయడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అందుకని జనవరిలో పెడతావా, పెట్టవా, ఒక్క మాట చెప్పు. పెడతానంటే హనుమకొండ అత్తకు నేనే ఫోన్ చేస్తాను, చాలా రోజులైంది మాట్లాడి. పెట్టనంటే కూడా చెప్పు, మీ నాన్నతో నేను మెల్లగా అంటాను. టెక్సాస్‌లోనూ ఈ చెట్టు బాగా కాస్తుందట. చిన్నోడితో వెతికించాను, ఊరికే.

రాత్రి తలస్నానం చేసి తడి జుట్టుతో పడుకోకు.

ఇట్లు,
అమ్మ

తా.క. ఉసిరి పచ్చడి, కారప్పొడి సిద్ధంగా ఉన్నాయి. పార్శిల్ ఏ అడ్రసుకు పంపమంటావు?