ఉపమానాలతో గడిచిన ఏడాది: అధ్యయన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ వందనాలు.

ఈ ఏడాది మనం ఒక్క అంశమే పట్టుకున్నాం: సువార్తల్లోని ఉపమానాలు, అంటే యేసు చెప్పిన పోలిక కథలు, ఎక్కడి నుంచి వచ్చాయి, మొదట విన్నవాళ్లకు అవి ఏం చెప్పాయి. నెలనెలా రెండో ఆదివారం కలుసుకున్నాం. వానల వల్ల ఆగస్టులో మాత్రం కుదరలేదు.

గ్రీకులో 'పరబొలే' అంటే ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూడటం. పాత నిబంధనను గ్రీకులోకి తెచ్చినవారు హీబ్రూ 'మాషాల్'కు ఈ మాట వాడారు. మన 'సామెతలు' గ్రంథం హీబ్రూ పేరు కూడా ఆ మాషాల్ నుంచే పుట్టింది. సామెత, ఉపమానం ఒక తల్లి బిడ్డలేనని తెలిసిన రోజు చాలాసేపు ఎవరూ ఇంటికి కదల్లేదు.

పరుడి భార్యను తీసుకున్న దావీదు రాజుకు ప్రవక్త నాతాను ఒక కథ చెప్పాడు: పేదవాడి ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడు. అది విని దావీదు మండిపడి తీర్పు చెప్పేశాడు. అప్పుడు వచ్చింది జవాబు: "ఆ మనుష్యుడవు నీవే." యేసు ఉపమానాలదీ ఇదే దారి. కథ విన్నవాడి నోటనే తీర్పు వస్తుంది.

విత్తనాలు రకరకాల నేలల్లో పడే విత్తువాని ఉపమానానికి మూడు నెలలు పట్టింది. మార్కు 4వ అధ్యాయంలో పంట ముప్పదంతలు, అరువదంతలు, నూరంతలు. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర దొరికిన, బైబిల్లో చేరని తోమా సువార్తలో అరవై, నూట ఇరవై. విత్తనాలను తినే పురుగు కూడా ఉంది. మార్కులో విత్తనాలను తినేసే పక్షులంటే సాతాను అనే వివరణ వస్తుంది, తోమాలో వివరణే లేదు. ఆ వివరణ యేసుదా, తొలి క్రైస్తవ సంఘానిదా అన్న చర్చ మనలో తెగలేదు. ఏదైనా ముందు కథను కథగా వినాలనే నా గట్టి అభిప్రాయం. దెబ్బలు తిని దారిపక్కన పడి ఉన్నవాణ్ణి పూటకూళ్ల ఇంటికి చేర్చిన మంచి సమరయుని కథలో ఆ ఇల్లు క్రైస్తవ సంఘమని, దాని యజమాని అపొస్తలుడు పౌలని తొలి శతాబ్దాల క్రైస్తవ పండితుడు అగస్టీను చెప్పాడు. అలా ప్రతిదానికీ అర్థం కడుతూ పోతే దారిపక్కన పడి ఉన్న మనిషి మరుగున పడతాడు.

నవంబరులో రెండో శతాబ్దపు క్రైస్తవ గ్రంథం 'హెర్మాసు కాపరి' చదివాం. అందులో ద్రాక్షతీగ, కాయలు కాయని ఎల్మ్ చెట్టు కథ ఉంది. నేలమీద పాకితే తీగకు కాసిన కొద్దిపాటి కాయలూ కుళ్లిపోతాయి, చెట్టుకు అల్లుకుంటే విరగకాస్తుంది. చెట్టు ధనవంతుడు, తీగ పేదవాడు; ఒకరికి ఒకరు ఆసరా. పందిరి మీద బీరతీగ పాకించిన మన పెద్దమ్మలకు వివరించాల్సిన పనే పడలేదు. ఆ రోజే పిల్లల పుస్తకాల నిధి మొదలైంది.

జనవరిలో ద్రాక్షతోట కూలీల ఉపమానంతో మొదలుపెడదాం. మత్తయి 20వ అధ్యాయం చదువుకుని రండి.

— కార్యదర్శి