పోలీస్ స్టేషన్‌కి వెళ్ళేవాళ్ళు ఇది చదివి వెళ్ళండి

అందరికీ నమస్కారం. మనలో ఒకాయన బండి దొంగతనం పోయిన విషయం మీద మన గ్రూపులో "స్టేషన్‌కి వెళ్తే తిప్పుతారు, దండగ" అని చాలామంది రాశారు. నిరుడు నాకూ అదే అయింది. బస్టాండులో బ్యాగు పోతే ఒకచోట "మా పరిధి కాదు" అన్నారు, ఇంకోచోట తెల్లకాగితం మీద రాసిమ్మన్నారు. నేను లేచేలోపే ఆ కాగితం మీద టీ గ్లాసు పెట్టారు, గుండ్రంగా మరక. రసీదు అడగాలని కూడా తట్టలేదు, నా తప్పు అదీ.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పోలీసు కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం), 173వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. బండి దొంగతనంలాంటి కేసుల్లో నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీరో ఎఫ్‌ఐఆర్ అంటే అదే. ఎఫ్‌ఐఆర్ కాపీ పైసా తీసుకోకుండా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో పెడితే మాత్రం మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం చేయాలి, చాలామంది ఇక్కడే జారిపోతున్నారు. ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు వాళ్ళే మనకు చెప్పాలి (193వ సెక్షన్).

స్టేషన్‌లో సిబ్బందికి బందోబస్తులు, కోర్టు డ్యూటీలు ఉంటాయి, కాదనను. అందుకే గొడవపడకుండా సెక్షన్ నంబరు మర్యాదగా చెప్పండి. న్యాయ సలహాకి 15100కి ఫోన్ చేయొచ్చు.

బండి పోయినాయన ఆర్‌సీ జిరాక్సు తెచ్చుకుంటే రేపు పదింటికి నేనూ తోడొస్తాను.