మహిళా విభాగం వార్షిక నివేదిక, 2024–25: అండమాన్ యాత్ర, మాయమైన శంఖాలు

గౌరవ సభ్యులకు నమస్కారములు.

మన కాలనీ సంక్షేమ సంఘం మహిళా విభాగం పక్షాన ఈ నివేదికను మీ ముందుంచుతున్నాను. నెలవారీ సమావేశాలు, కంటి పరీక్షల శిబిరం, కార్తిక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులను కోశాధికారిగారు విడిగా సమర్పిస్తారు. ఈ ఏడాది వివరంగా రాయవలసినది, ధనుర్మాసంలో అరవై దాటిన తొమ్మిదిమంది సభ్యురాళ్లం కలిసి చేసిన అండమాన్ యాత్ర గురించి, అక్కడ ఒక అబ్బాయి మీద పడిన నింద తొలగిన తీరు గురించి.

2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు చూసి, అక్కడి నుంచి పడవలో స్వరాజ్ ద్వీపానికి చేరాం. సంక్రాంతి బొమ్మల కొలువులో సముద్రాన్ని అమర్చాలన్న కోరికతో ఒడ్డున ఏరిన శంఖాలను, గవ్వలను, ఆల్చిప్పలను స్టీలు పళ్లెంలో పోసి బస వరండాలో ఉంచాం. తెల్లవారేసరికి సగానికి పైగా కనిపించలేదు.

వేకువన వరండా ఊడ్చినవాడు ఒక్కడే కావడంతో, మేము ఫిర్యాదు చేయకముందే యాజమాన్యం వారు అతణ్ణి నిలదీశారు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబంలోని అబ్బాయి. "నాను తియ్యనేదమ్మా" అని మాత్రం అని తల వంచుకున్నాడు. మాలో ఇద్దరికి కూడా అతని మీద అనుమానం కలిగిన మాట వాస్తవం; దాన్ని ఇక్కడ దాచదలచలేదు.

పోయినవాటిని వదిలి మిగిలినవాటిని చూడమన్నారు మాలో పెద్దవారైన విశ్రాంత గణితోపాధ్యాయురాలు. గవ్వలు, ఆల్చిప్పలు లెక్కకు సరిపోయాయి. పోయినవన్నీ గుండ్రటి నోరున్న మెలికల శంఖాలే. తళతళలాడే గవ్వలను వదిలేసి వన్నె తగ్గిన శంఖాలను ఏరుకునే దొంగ ఎవరని ఆమె అడిగారు. ఆ రాత్రి మళ్లీ పళ్లెం నింపి, గుమ్మంలో ముగ్గు వేయడానికి వెంట తెచ్చుకున్న బియ్యప్పిండిని చుట్టూ పలచగా చల్లాం. దీపాలార్పి ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని కూర్చున్నాం. పదకొండు దాటాక పళ్లెంలో గలగల వినిపించింది. టార్చి వేసి చూస్తే శంఖాలు తమంతట తామే అంచు దాటి దిగి, పిండిలో సన్నని చుక్కల బారు, మధ్యలో ఈడ్చిన గీత వదులుతూ ఇసుకలోకి నడిచిపోతున్నాయి. మనిషి అడుగు ఎక్కడా లేదు.

భీమిలి దగ్గరి పల్లెలో పుట్టిన సభ్యురాలు వెంటనే గుర్తుపట్టారు. శంఖంలో తలదాచుకునే ఈ పీతకు వెనుక భాగం మెత్తగా ఉంటుంది, సొంత గుల్ల పెరగదు. చనిపోయిన నత్తల శంఖంలో దూరి, ఒళ్లు పెరిగిన కొద్దీ పెద్ద శంఖానికి మారుతుంది. పగటిపూట లోపలికి ముడుచుకుని డెక్కతో నోరు మూసుకుంటుంది కనుక ఖాళీ శంఖమనే మేము ఏరుకున్నాం. గవ్వ నోరు సన్నని చీలిక కావడం వల్ల దానికి పనికిరాదు. బయటి నుంచి వచ్చిన ఒక పీత శంఖం దొరక్క కాబోలు, ప్లాస్టిక్ సీసా మూతను వీపున మోస్తూ కనిపించింది. మా ప్రశ్నకు జవాబు దొరికిన సంతోషం ఆ దృశ్యంతో సగమైంది.

మర్నాడు యాజమాన్యం సమక్షంలోనే తొమ్మిదిమందిమీ ఆ అబ్బాయిని క్షమించమని అడిగాం. కొన్ని జాతుల శంఖాలకు, పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తోందని అప్పుడే తెలుసుకుని, ఏరినవన్నీ అతని సాయంతో ఒడ్డునే వదిలివచ్చాం. సంక్రాంతి కొలువులో సముద్రాన్ని నీలి చీరతో, బియ్యప్పిండి నురగతో అమర్చాం.

ఇకపై సంఘం యాత్రల్లో శంఖాలు ఏరరాదనీ, ఒడ్డున కనిపించే ప్లాస్టిక్ మూతలను మాత్రం తప్పక ఏరి తేవాలనీ మహిళా విభాగం చేసిన తీర్మానాన్ని సర్వసభ్య సమావేశం ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి, మహిళా విభాగం