వార్షిక నివేదిక 2025–26: కుంగిపోతున్న చెయిన్ స్టోర్లలో పని, మన బకాయిలు

సభ్యులందరికీ నమస్కారం.

తిరుపతి, చిత్తూరు స్టోర్ల సిబ్బంది కోసం మన సంఘం ఈ ఏడాది చేసిన పనిలో ముప్పాతిక వంతు ఒకే విషయం చుట్టూ తిరిగింది. బయటికి నడుస్తున్నట్టే కనిపిస్తూ లోపల కుంగిపోతున్న చెయిన్ స్టోరులో ఉద్యోగం చేసేవాళ్లు తమ డబ్బును ఎలా కాపాడుకోవాలి? షట్టరుకు తాళం పడ్డాక వచ్చినవాళ్లకు చేయగలిగింది తక్కువ. ఏడాది ముందే వస్తే చాలా చేయవచ్చు. అందుకే ఈసారి సమావేశాల వివరాలు పక్కన పెట్టి, వాటిలో తేలిన విషయాలనే రాస్తున్నాం. ఇంట్లో దాచుకోండి.

ముందుగా తెలిసేది ఎక్కడ

సరుకు దగ్గరే తెలుస్తుంది. డిస్ట్రిబ్యూటర్లు మామూలుగా రెండు మూడు వారాల అప్పు మీద సరుకు వేస్తారు. పాత బిల్లులు ఆగితే ముందు డబ్బు కట్టమంటారు. హెడ్డాఫీసు కట్టలేదు కాబట్టి పెట్టిన ఆర్డరులో సగమే లారీలో దిగుతుంది. ముందు మాయమయ్యేవి బాగా అమ్ముడుపోయేవే: నూనె, సబ్బులు, పాలపొడి. అవి తొందరగా తిరుగుతాయి, వాటి బకాయీ అంతే తొందరగా పేరుకుంటుంది. కదలని సరుకు మాత్రం ర్యాకుల్లోనే ఉంటుంది. అందుకే స్టోరు నిండుగా కనిపిస్తూనే అమ్మకం పడిపోతుంది. ఆ తర్వాత ముందు వరస మాత్రమే పేర్చమని, ఖాళీల్లో ఉప్పు ప్యాకెట్లు నింపమని చెబుతారు. ఆ మాట వచ్చిన రోజు తేదీ రాసి పెట్టుకోండి.

తిరుపతిలో ఇంకొక సంగతి ఉంది. ఇక్కడి స్టోర్లకు ఇద్దరు కొనుగోలుదారులు: నీళ్ల సీసా, బిస్కెట్లు, తువ్వాలు కొనుక్కుని వెళ్లే యాత్రికులు, నెల మొదటి పది రోజుల్లో సరుకుల చీటీ పట్టుకొచ్చే ఊరి కుటుంబాలు. చీటీలో ఇరవై వస్తువులుంటే ఆరు దొరక్కపోయినా, వచ్చే నెల ఆ చీటీ మొత్తం వేరే దుకాణానికి పోతుంది. బ్రహ్మోత్సవాలకో వైకుంఠ ఏకాదశికో బిల్లింగు కౌంటరు ముందు వరస పెరిగిందని స్టోరు కోలుకుందనుకోవద్దు. నెలలో 1 నుంచి 10వ తేదీ వరకు సగటు బిల్లు ఎంత వచ్చిందో చూడండి. అది వరసగా మూడు నెలలు తగ్గితే, మిగతా లెక్క చూడక్కర్లేదు.

ఆ వెనకే బ్రాండు కంపెనీలు స్టోరులో తమ సరుకు అమ్మించడానికి పెట్టిన ప్రమోటర్లను వెనక్కి పిలుచుకుంటాయి. సెక్యూరిటీ, హౌస్‌కీపింగు కాంట్రాక్టర్లు మనుషుల్ని తగ్గిస్తారు. ఆ పనులన్నీ ఫ్లోరు మీద మిగిలిన వాళ్ల నెత్తిన పడతాయి. బిల్లింగులో ఉన్న అమ్మాయే లారీ దించాలి, తుడవాలి, సరుకు లేదని కస్టమరు తిడితే పడాలి. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం రావాలి. రిజిస్టరులో సంతకం మాత్రం షిఫ్టు టైముకే పెట్టిస్తుంటారు. వచ్చిన టైము, వెళ్లిన టైము రోజూ సొంత డైరీలో రాసుకోండి. రేపు లేబరు ఆఫీసులో మన మాటకు బలం ఆ డైరీయే.

చిల్లర్లు (సరుకు చల్లగా ఉంచే ఫ్రిజ్‌లు), ఫారం 9

రిపేరు డబ్బు ఆగితే ముందు దెబ్బ తినేది ఈ ఫ్రిజ్‌లే. పెరుగు, పాలు 5 డిగ్రీల లోపు, ఐస్‌క్రీం మైనస్ 18 దగ్గర ఉండాలి. కండెన్సరు దుమ్ము పట్టినా, గ్యాసు తగ్గినా, రాత్రి ఖర్చు తగ్గించాలని ఎవరైనా స్విచ్చి ఆపినా ఉష్ణోగ్రత పెరుగుతుంది. కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐస్‌క్రీం మూత తీస్తే పైన మంచు పలుకులుంటాయి, డబ్బా ఆకారం మారి ఉంటుంది. దాన్ని డంపులో (పారేసే సరుకు లెక్కలో) రాయాలి, అమ్మకూడదు. టెంపరేచరు రిజిస్టరులో నిన్నటి అంకెనే ఈరోజూ వేయడం చాలా ప్రమాదం.

దీనికి కారణముంది. ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రతి బ్రాంచికీ ఒక బాధ్యుణ్ని ఫారం 9లో నామినీగా చూపించవచ్చు. చాలా చోట్ల ఆ పేరు స్టోరు మేనేజరుదో, డిపార్టుమెంటు మేనేజరుదో ఉంటుంది. కేసు పడితే నోటీసు ఆయన పేరునే వస్తుంది. తూనికలు కొలతల చట్టంలోనూ ఇలాంటి నామినేషనే ఉంది. మీ సంతకం అలా తీసుకున్నారా లేదా కనుక్కోండి. ఉద్యోగం మానే రోజు ఆ నామినేషను రద్దు చేయమని లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. చిల్లరు పాడైన ప్రతిసారీ హెడ్డాఫీసుకు మెయిలు పెట్టి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

షార్టేజీ కోతల గురించి కూడా చాలామంది అడిగారు. స్టాకు ఆడిట్లో తేడా వస్తే అందరి జీతంలోనూ సమానంగా కోయడం చట్టం ఒప్పుకోదు. ఆ సరుకు ఫలానా ఉద్యోగికి అప్పగించారని, నష్టం ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలాలి. కోతకు ముందు వివరణ ఇచ్చుకునే అవకాశం ఇవ్వాలి. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు.

పీఎఫ్: నెలకు ఐదు నిమిషాలు

ఈ నివేదికలో ఒక్క భాగమే చదివేంత తీరిక ఉంటే ఇది చదవండి. డబ్బుకు కటకట వచ్చిన కంపెనీ జీతం ఆపడానికి భయపడుతుంది, ఎందుకంటే మర్నాడే కౌంటరు ఖాళీ అవుతుంది. పీఎఫ్ ఆపితే ఎవరికీ తెలియదు. పే స్లిప్పులో కోత కనిపిస్తూనే ఉంటుంది, పాస్‌బుక్కులో జమ మాత్రం ఉండదు.

ఒక నెల పీఎఫ్‌ను కంపెనీ తర్వాతి నెల 15వ తేదీలోగా కట్టాలి. మీ మూలవేతనం 13,000 అయితే మీ వాటా 12 శాతం, అంటే 1,560. కంపెనీ వాటా కూడా 1,560. అందులో 1,083 పెన్షనుకు, 477 పీఎఫ్‌కు వెళ్తుంది. పాస్‌బుక్కులో ఈ మూడు అంకెలూ ఉండాలి. యూఏఎన్‌కు (పీఎఫ్ సభ్యత్వ నంబరుకు) జోడించిన ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ మెసేజిగా వస్తుంది. నెల 20 తర్వాత చూడండి. రెండు నెలలు వరసగా జమ కాకపోతే స్క్రీన్‌షాటు, పే స్లిప్పు కలిపి ఈపీఎఫ్ఓ (పీఎఫ్ నడిపే సంస్థ) ఫిర్యాదుల పోర్టల్లో పెట్టండి. ప్రతి జిల్లాలోనూ నెల 27న జరిగే ‘నిధి ఆప్కే నికట్’ శిబిరంలోనూ ఇవ్వవచ్చు. ఆ రోజు సెలవైతే తర్వాతి పనిదినాన జరుగుతుంది.

ఇంకొకటి, కంపెనీ బతికుండగానే చేయించుకోవాల్సింది. ఆధార్లో పేరుకు, యూఏఎన్లో పేరుకు ఇంటిపేరు దగ్గరో, ఒక అక్షరం దగ్గరో తేడా ఉంటుంది. సరిదిద్దుకోవాలంటే కొన్ని కేసుల్లో కంపెనీ డిజిటల్ ఆమోదం కావాలి. హెచ్ఆర్ విభాగం ఖాళీ అయ్యాక ఆ ఆమోదం ఇచ్చే మనిషే ఉండడు. ఉద్యోగం మానిన తేదీని కంపెనీ నమోదు చేయకపోతే మాత్రం, చివరి జమ తర్వాత రెండు నెలలాగి పోర్టల్లో మీరే వేసుకోవచ్చు.

ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) విషయం చిన్నదే కానీ ఇంటిల్లిపాదికీ సంబంధించింది. 21,000 లోపు జీతానికి మన కోత 0.75 శాతం, కంపెనీ వాటా 3.25 శాతం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య 78 రోజుల చందా ఉంటే జనవరి నుంచి జూన్ వరకు, అక్టోబరు నుంచి మార్చి మధ్య ఉంటే జూలై నుంచి డిసెంబరు వరకు అర్హత ఉంటుంది. అప్పటికి ఉద్యోగం పోయినా తిరుపతి ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లే హక్కు ఆ గడువు వరకు ఉంటుంది.

‘రాజీనామా రాసివ్వు, మిగతాది చూసుకుంటాం’

ఈ మాట విని సంతకం పెట్టినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. కంపెనీ తీసేస్తే నెల నోటీసు లేదా నెల జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం రావాలి. రాజీనామా ఇస్తే ఆ పరిహారం పోతుంది. రాయనంటే దూరపు స్టోరుకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వస్తుంది. దానికి నోటిమాటగా జవాబు చెప్పకండి. ఇబ్బందులు వివరిస్తూ లేఖ రాసి, స్టోరు మూతపడుతోందా అని అందులోనే అడగండి. సంతకం పెట్టక తప్పదనిపిస్తే, ‘మేనేజిమెంటు అడిగినందున, నా బకాయిల హక్కులు వదులుకోకుండా’ అని మీ చేత్తో రాసి ఫోటో తీసుకోండి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం తీసేసినా, మీరే మానేసినా, స్టోరు మూసినా జీతం బకాయిలు రెండు పనిదినాల్లో చెల్లించాలి. గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు కంపెనీ చివర్లో ఇచ్చే మొత్తం) 30 రోజుల్లో ఇవ్వాలి. ఐదేళ్లు నిండినవారికి లెక్క ఇది: చివరి వేతనాన్ని 26తో భాగించి 15తో, ఆపై సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. 13,000 వేతనం, ఏడేళ్ల సర్వీసుకు 52,500. ఆరు నెలలు దాటిన చివరి భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కేస్తారు. నిర్ణీత కాలపు కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు కొత్త కోడ్‌లో ఏడాదికే అర్హత ఉంది. మూలవేతనం తక్కువ చూపించి అలవెన్సులు పెంచిన చోట, మొత్తంలో సగం దాటిన అలవెన్సులను వేతనంలో కలిపి లెక్కించాలి.

యజమాని మారితే

2022 ఫిబ్రవరిలో బిగ్ బజార్ స్టోర్ల విషయంలో దేశమంతా చూసింది: అద్దె ఒప్పందాలు మరో సంస్థ చేతికి వెళ్లాయి, బోర్డులు మారాయి. అదే ఏడాది జూలైలో ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. స్టోరు అదే, మనుషులూ వాళ్లే కావచ్చు. పాత సర్వీసు బకాయి ఎవరిదన్నది మాత్రం కాగితం మీద తేలాలి. కొత్త సంస్థ నియామక పత్రం ఇస్తే చేరిన తేదీ చూడండి. పాత సర్వీసు కలుపుతారా అని లేఖ రాసి అడగండి. కలపకపోతే పాత కంపెనీ నుంచి లెక్క తేల్చుకోండి.

దివాలా కేసు మొదలైతే పత్రికలో ప్రకటన వస్తుంది. కార్మికులు, ఉద్యోగులు ఫారం ‘డి’లో, అందరి తరఫున ఒకరు వేస్తే ఫారం ‘ఇ’లో క్లెయిము వేయాలి. ప్రకటనలో ఇచ్చిన గడువు మొదటి వారంలోనే వేయడం మేలు. లిక్విడేషనుకు (కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే దశకు) వెళ్తే, అంతకుముందు 24 నెలల కార్మికుల బకాయిలకు బ్యాంకులతో సమాన స్థానం ఉంది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల్లోని డబ్బును అప్పులవాళ్లకు పంచే ఆస్తిలో కలపకూడదు.

వచ్చే ఏడాది ప్రతి నెల 27కు ముందు ఆదివారం సంఘం పాస్‌బుక్కులు చూస్తుంది. రాలేనివాళ్లు మరొకరితో పంపవచ్చు. తేవాల్సినవి: నియామక పత్రం, చివరి ఆరు పే స్లిప్పులు, జీతం పడే బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు, పాస్‌బుక్కు ప్రింటు, ఆధార్ జిరాక్సు. పే స్లిప్పులు ఇంకా కంపెనీ యాప్‌లోనే ఉన్నవాళ్లు ఈ రాత్రే డౌన్‌లోడు చేసుకోండి. మీ లాగిన్ చివరి పనిదినం సాయంత్రమే ఆగిపోవచ్చు.