పెళ్లయ్యాక రచయిత్రి పేరు, హక్కులు

సంపాదకులకు,

పెళ్లయ్యాక రచయిత్రులు ఎందుకు రాయలేకపోతున్నారన్న చర్చ ఎప్పుడొచ్చినా తీరిక దగ్గరే ఆగిపోతుంది. తీరిక పెద్ద సమస్యే, కాదనను. కానీ ఇంటిపేరు, ఊరు, ఫోన్ నంబరు ఒకేసారి మారినప్పుడు అప్పటిదాకా రాసినవాటికి ఏమవుతుందన్నది ఎవరూ చెప్పడం లేదు. అది ముందే తెలిసుంటే చాలా నష్టం తప్పుతుంది.

తొలితరం తెలుగు కథారచయిత్రి భండారు అచ్చమాంబ (1874–1905) పుట్టింటివారు కొమర్రాజు వారు. చిన్నతనంలోనే పెళ్లయింది కాబట్టి రచయిత్రిగా ఆమె మొదటినుంచీ భండారు వారే. ఇప్పుడు అలా కాదు. పది పదిహేను కథలు అచ్చయ్యాక పెళ్లవుతోంది. ఆ తర్వాత కొత్త ఇంటిపేరుతో రాస్తే లైబ్రరీ కేటలాగులో ఒకే మనిషి ఇద్దరవుతుంది. మన గ్రంథాలయాల్లో తెలుగు పేర్లను ఎక్కువగా ఇంటిపేరు కిందే చేరుస్తారు కనుక రెండు పేర్ల మధ్య అరలకు అరల దూరం. పెళ్లయినంత మాత్రాన ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ అడగదు. ఆధార్‌లో, బ్యాంకులో మార్చుకున్నా సరే, కథ మీద పాత పేరే ఉంచుకోవచ్చు. అలా ఉంచుకోవాలనే నా గట్టి అభిప్రాయం. అప్పటికే కొత్త పేరుతో పుస్తకం వచ్చి ఉంటే, తర్వాతి ముద్రణలో ప్రచురణ వివరాల పేజీలో రెండు పేర్లూ వేయించాలి.

కలం పేరుతో రాసేవారు మరో సంగతి గమనించాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అసలు మనిషి ఎవరో తెలియని కలం పేరైతే ఆ 60 ఏళ్లు ప్రచురణ నుంచే లెక్క. అసలు పేరు పుస్తకంలో ఒక్క చోట అచ్చయితే ఈ చిక్కు ఉండదు. భార్యాభర్తలు కలిసి రాసినదైతే ఇద్దరిలో చివరగా పోయినవారి నుంచి లెక్కిస్తారు.

డబ్బు దగ్గర తేడా వచ్చేది పేర్లు కలవకపోవడం వల్ల. చెక్కు పాత పేరు మీద వస్తుంది, ఖాతా కొత్త పేరు మీద ఉంటుంది, బ్యాంకు తిప్పి పంపుతుంది. ముందు ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు, ఈ వరసలో మార్చుకుంటే పని సులువు. మూడింటికీ వివాహ ధ్రువపత్రం దగ్గరుండాలి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే, కాబట్టి అక్షరాలు సరిచూసుకునే ఇవ్వాలి. ఆధార్, పాన్‌లలో పేర్లు తేడాగా ఉంటే అనుసంధానం కుదరదు. అలా పాన్ చెల్లకుండా పోతే రాయల్టీ మీద పన్ను 10 శాతం కోయాల్సిన చోట 20 శాతం కోస్తారు.

అన్నిటికంటే తక్కువ తెలిసినది వారసత్వం. పెళ్లితో కాపీరైట్ భర్తకు రాదు, అది రచయిత్రిదే. కానీ హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వీలునామా రాయకుండా ఆమె పోతే, స్వార్జితం మొదట పిల్లలకూ భర్తకూ వెళుతుంది. వారెవరూ లేకపోతే భర్త తరఫు వారసులకు. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. కథల హక్కు అమ్మకో చెల్లెలికో చెందాలనుకుంటే తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వారి సంతకాలూ తీసుకుంటే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అచ్చుకాని రాతప్రతిని వీలునామాలో ఎవరికైనా ఇస్తే, వేరుగా రాయకపోయినా దాని కాపీరైట్ కూడా వారికే వెళుతుంది.

పాత ప్రచురణకర్తతో ఒప్పందం ఉంటే ఒకసారి తీసి చదవండి. గడువు రాయకపోతే హక్కుల బదిలీ 5 ఏళ్లకే పరిమితం, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే. కొత్త చిరునామాను మెయిల్‌లో తెలియజేసి, జవాబు వచ్చేదాకా వదలకూడదు.

ఇక పుట్టింట్లో మిగిలిపోయే పాత కంప్యూటర్. అందులో కథలు ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో ఉంటే, ఆ ఫాంట్ లేని యంత్రంలో అవి పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. ఇల్లు మారేలోపే ఏ యంత్రంలోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్ కూడా తీసిపెట్టుకోవాలి. మార్పిడిలో వత్తులు చెదురుతాయి, అచ్చుప్రతిని పక్కన పెట్టుకుని సరిచూడక తప్పదు. కత్తిరించి దాచిన పత్రికల పేజీలను తేదీ కనిపించేలా స్కాన్ చేయాలి. ఆ తర్వాత ఆ కథ ఎవరిదన్న తగవొస్తే తేదీ ఉన్న ఆ పేజీయే సాక్ష్యం.

తీరిక గురించి ఒక్క మాట. కాపురం పెట్టిన మొదటి నెలల్లోనే రాసుకునే గంట ఏదో ఇంట్లో అందరికీ తెలియాలి. తర్వాత అడిగితే అది ఇంటి పనుల్లోంచి తీసుకున్న గంటలా కనిపిస్తుంది.

పత్రికలవారికి ఒక విన్నపం. కథతో పాటు తీసుకునే హామీపత్రంలో ‘రచయిత పేరు’, ‘బ్యాంకు ఖాతాలోని పేరు’ అని రెండు వేర్వేరు గడులు పెట్టండి. ‘గతంలో వాడిన పేరు’ అన్న గడి మూడోది. మీ ఆదివారం అనుబంధంతోనే ఇది మొదలుపెట్టవచ్చు.

– ఒక పాఠకురాలు, తెనాలి