వారం మధ్యలో చికెన్ వండేవాళ్ల కోసం కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో వచ్చే వంటల పేజీని చాలా ఏళ్లుగా చదువుతున్నాను. చదివి ఊరుకోను, వండుతాను కూడా. సోమవారం నుంచి శుక్రవారం దాకా మా ఇంట్లో రాత్రి వంట నాదే. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్ని. మా ఆవిడ నర్సు, తన డ్యూటీలు వారానికోలా మారుతుంటాయి. పద్నాలుగేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులతో ఎక్కువసేపు నిలబడలేని మా అమ్మ, మొత్తం ఐదుగురం. నేను ఇల్లు చేరేసరికి ఆరున్నర. ఎనిమిది దాటితే బాబు కళ్లు మూతలు పడిపోతాయి. ఈ మధ్యలో ఉన్న గంటన్నరే నా వంట సమయం. బాబు లెక్కలు చూడడం, అమ్మకి మందులివ్వడం కూడా అందులోనే.

కొన్ని వారాల కిందట మీరు 20 నిమిషాల్లో అయిపోయే చికెన్ అని ఒకటి వేశారు. బుధవారం రాత్రి దాన్ని మొదలుపెట్టాను. కావలసినవి చూస్తే సన్నగా తరిగిన ఉల్లిపాయలు నాలుగు, అప్పుడే నూరిన అల్లం వెల్లుల్లి, గంటసేపు నానబెట్టిన చికెన్ అరకిలో. ఇవన్నీ సిద్ధంగా ఉన్నాక, పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి 20 నిమిషాలన్నమాట. గడియారం చూసుకుంటూ చేశాను. వంటింట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి పళ్లెంలో వడ్డించేదాకా గంటా యాభై నిమిషాలు పట్టింది. ఆ రాత్రి బాబు గ్లాసుడు పాలు తాగి పడుకున్నాడు. రుచి బాగుంది, కాదనను. కానీ అది రాసినవాళ్లు పని నుంచి నేరుగా వంటింట్లోకి వచ్చే మనిషిని తలుచుకుని రాయలేదు.

నా మొదటి విన్నపం అదే. తరగడం, నూరడం, నానబెట్టడం, ఫ్రీజర్‌లోంచి తీస్తే మంచు వదలడం, అన్నీ కలిపి ఎంత సమయం పడుతుందో రాయండి. ముందు రాత్రి చేసిపెట్టుకోగలిగిన పని ఏదో విడిగా చెప్పండి. పనికి వెళ్లేవాళ్లకి చికెన్ సులువయ్యేది పొయ్యి దగ్గర కాదు, ఆ ముందు రాత్రే.

మా ఇంట్లో జరిగేది ఇది. సెలవు రోజున రెండు కిలోల చికెన్ తెస్తాను. ఒక్కో సంచికి అరకిలో చొప్పున నాలుగు సంచులు. తొడ ముక్కలు రెండింటిలో, ఎముకలేని బ్రెస్ట్ ముక్కలు ఒకదానిలో, ఖీమా ఒకదానిలో. ఖీమా తప్ప మిగతా మూడు సంచుల్లో ఒక్కోదానికి చెంచాడు సన్న ఉప్పు అప్పుడే పట్టిస్తాను. చదునుగా, రెండు వేళ్ల మందం మించకుండా పరిచి ఫ్రీజర్‌లో పెడతాను. గడ్డకట్టిన ఉండ మంచు వదలాలంటే రోజు పట్టొచ్చు, పలచగా పరిచిన సంచికి ఒక్క రాత్రి చాలు. వండబోయే ముందు రాత్రి సంచిని గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి దించుతాను. నీరు కారినా గిన్నెలోనే ఉంటుంది, కింద కూరగాయలేవీ ఉండవు. మర్నాటికి ఉప్పు ముక్క లోపలిదాకా పట్టి ఉంటుంది. విడిగా నానబెట్టే పనే లేదు.

ఒకసారి మరిచిపోయి, పొద్దున వెళ్తూ వెళ్తూ సంచిని గట్టు మీద పెట్టేశాను. సాయంత్రానికి ముట్టుకుంటే వెచ్చగా ఉంది. అరకిలో చికెన్ పారేశాను. 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా చకచకా పెరుగుతుందని నాకు తెలుసు, అందుకే వండడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు మరిచిపోయిన రోజున, సంచి మూతి గట్టిగా బిగించి చల్లటి నీళ్లలో ముంచుతాను. అరగంటకోసారి నీళ్లు మారుస్తాను. అరకిలోకి గంట చాలు, వెంటనే వండేయాలి. ఇలాంటి నాలుగు వాక్యాలు మీ పేజీలో ఎప్పుడూ కనబడలేదు.

రెండో విన్నపం. మీ రెసిపీలు దాదాపు అన్నీ చికెన్‌ని శుభ్రంగా కడగమనే మాటతోనే మొదలవుతాయి. దయచేసి ఆ మాట తీసేయండి. పచ్చి చికెన్ మీద సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. పంపు కింద పెడితే అవి చావవు. తుంపరలతో పాటు సింకు మీదకి, పక్కన బోర్లించిన గిన్నెల మీదకి చేరతాయి. 2019లో అమెరికా వ్యవసాయ శాఖ ఒక అధ్యయనం వివరాలు బయటపెట్టింది. హానిలేని బ్యాక్టీరియాని చికెన్‌కి ముందే పట్టించి, దాన్ని వండుతూ పక్కన సలాడ్ కూడా చేసేవాళ్లని గమనించారు. చికెన్ కడిగినవాళ్లలో 60 శాతం మంది సింకుల్లో ఆ బ్యాక్టీరియా దొరికింది. సింకు తోమాక కూడా 14 శాతం మంది దగ్గర మిగిలే ఉంది. 26 శాతం మంది సలాడ్ ఆకుల్లోకి అది చేరింది. ఇంకోటి కూడా చెప్పాలి. చికెన్ కడగనివాళ్లలోనూ 31 శాతం మంది సలాడ్‌లోకి చేరింది. చేతులు, కత్తి, ముక్కలు కోసే పలక సరిగా కడగకపోతే చికెన్ కడగకుండా ఊరుకున్నా లాభం లేదు.

మా అమ్మకి ఇది మింగుడు పడలేదు. "కడక్కుండా ఎలా తింటార్రా, రక్తం మరకలుంటాయి కదా" అంది. నేను ల్యాబ్‌లో రోజూ చూసేది అమ్మకి చెప్పాను. బ్యాక్టీరియాని పెంచే ఎర్రటి మీడియం పోసిన ప్లేటు మీద, మర్నాటికి నడిమధ్య నల్లటి చుక్క ఉన్న కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపులు, లేస్తే అది సాల్మొనెల్లా అని అనుమానిస్తాం. ఆ శాంపిల్ ఇచ్చిన మనిషి కడుపు పట్టుకుని వార్డులో పడుకుని ఉంటాడు. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత టిష్యూ కాగితంతో ముక్కలు తుడవడానికి ఒప్పుకుంది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఆ పని తనే చేస్తుంది. కడగందే మనసొప్పని వాళ్లకైనా, పంపు తిప్పకుండా గిన్నెలో నిలవ నీళ్లలో ముంచి తీయమని, ఆ తర్వాత సింకుని సబ్బుతో తోమమని రాయండి.

తుడిచిన ముక్కకి ఇంకో లాభం ఉంది, అది పెనం మీదే తెలుస్తుంది. వెడల్పాటి మందపాటి బాణలిలో రెండు చెంచాల నూనె బాగా కాగనిచ్చి, తొడ ముక్కల్ని చర్మం వైపు కిందకి ఉండేలా ఒకదానికొకటి తగలకుండా పరుస్తాను. చర్మం తీసేసినవైనా ఫరవాలేదు. తడి ముక్క అయితే నీరు వదులుతుంది. ఆ నీరంతా ఇగిరేదాకా ముక్క అడుగు 100 డిగ్రీలు దాటదు, రంగు రాదు, ఉడికినట్టు తెల్లగా ఉండిపోతుంది. పొడి ముక్క పడగానే చుర్రుమంటుంది. అప్పుడు అట్లకాడ పెట్టి కెలకకూడదు. మొదట్లో అది బాణలిని పట్టుకుని ఉంటుంది. ఐదారు నిమిషాలు ఓపిక పడితే, చుర్రుమనే చప్పుడు కాస్త నెమ్మదించి, అంచుల్లో బంగారు రంగు పైకి పాకుతూ కనిపిస్తుంది. ముక్క దానంతటదే వదులుతుంది. తిప్పి, ఖాళీల్లో ఆలుగడ్డ ముక్కలు, క్యారెట్, పొట్టుతో సహా వెల్లుల్లి రెబ్బలు సర్దుతాను. మిరియాల పొడి చల్లి, పావు కప్పు నీళ్లు అంచు నుంచి పోస్తాను. అడుగున గోధుమరంగులో అంటుకున్నదంతా ఆ నీళ్లలో కరిగి అదే రసమవుతుంది. మూతపెట్టి సన్నమంట మీద 25 నిమిషాలు. దించాక నిమ్మరసం పిండుతాను. ఆ 25 నిమిషాల్లో బాబు లెక్కలు అయిపోతాయి. ఒకటే గిన్నె, తోమడానికీ ఒకటే.

మిగతా రోజులు ఇంకా తేలిక. బ్రెస్ట్ ముక్కని దాని పీచుకి అడ్డంగా పలచగా కోసి, ఒక గుడ్డు తెల్లసొన, చెంచాడు కార్న్‌ఫ్లోర్ కలిపి పెద్దమంట మీద రెండు విడతలుగా వేయిస్తే పావుగంటలో అయిపోతుంది, ఎండిపోదు. ఖీమా పది నిమిషాల పని. తిని తీసిన ఎముకలు, మిగిలిన ముక్కలు ఫ్రీజర్‌లో పోగుచేసి, శుక్రవారం సూప్ కాస్తాను. రాత్రి మిగిలింది రెండు గంటల్లోపు లోతు తక్కువ డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. పొగలు కక్కేదాకా వేడి చేసుకోవాలి.

మూడో విన్నపం, ఉడికిందని ఎలా తెలుసుకోవాలో రాయడం. మెత్తబడేవరకు అని రాస్తే కొత్తగా వండేవాళ్లకి ఏమర్థమవుతుంది? రంగుని నమ్మడానికి లేదు. పూర్తిగా ఉడికినా ఎముక దగ్గర ఎర్రగా ఉండొచ్చు, తెల్లగా కనిపించినా లోపల చాలినంత వేడి తగలకపోవచ్చు. ముక్కలో అన్నిటికంటే మందంగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా వంట థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. బ్రెస్ట్ ముక్కని అక్కడే దించేయాలి, దాటితే పీచవుతుంది. తొడ ముక్క ఇంకో పది డిగ్రీలు ఎక్కినా మెత్తగానే ఉంటుంది. ఖీమాని మాత్రం సగం సగం ఉడికించి వదలకూడదు. పైన ఉన్న బ్యాక్టీరియా రుబ్బినప్పుడు లోపలిదాకా కలిసిపోతుంది. మా ఇంట్లో థర్మామీటర్ గుచ్చే పని పాపది. అంకె గట్టిగా చదివి చెబుతుంది, 74 వినబడ్డాకే పళ్లేలు తీస్తాం.

ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణం ఉంది. మా ల్యాబ్‌లో నాతో పనిచేసే అమ్మాయి ఒకామె, ఇంటికెళ్లి చికెన్ వండే ఓపిక లేక వారంలో మూడు రోజులు బయటి నుంచే తెప్పిస్తోంది. వండడం రాక కాదు. మీ పేజీ చూస్తే చికెన్ అంటే సెలవు రోజున సగం పూట కేటాయించాల్సిన పనిలా అనిపిస్తోందట. ఆమెకి పైన రాసిన తొడ ముక్కల పద్ధతి కాగితం మీద రాసిచ్చాను. మర్నాడు వచ్చి, వంట జరుగుతుండగానే పిల్లాడికి స్నానం చేయించానని చెప్పింది.

మీరు ఒక్క వారం ప్రయత్నించండి. ఏదో ఒక చికెన్ వంటకం, ముందు రాత్రి పని ఒకవైపు, మర్నాటి పని ఒకవైపు, బరువులు గ్రాముల్లో, పట్టే సమయం మొత్తం కలిపి వేయండి. వచ్చే బుధవారం మా ఆవిడకి నైట్ డ్యూటీ. ఆ రోజు నేను అదే వండి, ఎన్ని నిమిషాలు పట్టిందో, పిల్లలు ఎంత తిన్నారో, ఏం తేడా వచ్చిందో మీకు రాసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ల్యాబ్ టెక్నీషియన్